కోడికి వేసే సూది, చేపకు వేసే సూది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుంచి ఆసుపత్రికి వచ్చిన తల్లుల నోట నా వృత్తి జీవితంలో అతి తరచుగా విన్న ప్రశ్న ఒకటి ఉంది. అది జ్వరం గురించినది కాదు, రక్తపోటు గురించినది కాదు. "బాబూ, బాయిలర్ కోడికి సూదులేసి పెంచుతారట కదా! అది తినబట్టే మా పిల్ల ఇంత బేగి పెద్దమనిషయిపోయిందంటన్నారు. నిజమేనా?" వృత్తి నుంచి విరమించిన తరువాత కూడా ఆ ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. పెళ్ళిభోజనాల వేళ పక్క విస్తరి ముందు కూర్చున్నవారు అడుగుతారు. ఈ మధ్య ప్రశ్నకు ఒక తోక కూడా మొలిచింది: "కోడికే కాదండీ, చెరువు చేపలకు కూడా హార్మోను సూదులు వేస్తున్నారట!"

ఈ రెండు మాటలలో ఒకటి అబద్ధం, ఒకటి నిజం. వినేవారికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమిటంటే, ఏది అబద్ధమో ఏది నిజమో చాలామంది తారుమారుగా నమ్ముతారు. చేపకు సూది వేయడం నిజం. కోడికి హార్మోను సూది వేయడం అబద్ధం. నిజమైన ఆ చేప సూది వల్ల కూడా మీ పిల్లకు ముప్పు లేదు. ఎందుకు లేదో వివరంగా చెప్పవలసిన అవసరం ఉంది, ఎందుకంటే ఈ అపోహ వల్ల మన ఇళ్ళలో జరుగుతున్న నష్టం చిన్నది కాదు.

పదేళ్ళు నిండీ నిండని ఒక ఆడపిల్లను కొన్నేళ్ళ క్రితం తల్లి నా దగ్గరకు తీసుకువచ్చింది. పిల్ల అప్పటికే పెద్దమనిషి అయింది. చుట్టుపక్కలవారు చెప్పిన మాట విని ఆ తల్లి ఆరు నెలలుగా పిల్లకు కోడిమాంసం, గుడ్డు, చెరువు చేప అన్నీ మాన్పించింది. బడిలో పెట్టే గుడ్డును కూడా తినవద్దనీ, తమ్ముడి పళ్ళెంలో వేసెయ్యమనీ ఆంక్ష. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 గ్రాములు. నెలనెలా రక్తం పోవడం మొదలైన వయసులో, ఎముక పొడవు పెరగడానికి మిగిలి ఉన్న కొద్ది కాలంలో, ఆ పిల్ల అన్నం, చారు, బంగాళాదుంప వేపుడుతో గడుపుతున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. ఇటువంటి చోట ఆడపిల్ల పళ్ళెంలో నుంచి గుడ్డును తీసివేయాలంటే బలమైన కారణం ఉండాలి. అటువంటి కారణం ఉన్నదా లేదా అన్నదే మన చర్చ.

ముందుగా కోడి సంగతి. నాటుకోడి ఆరు నెలలు పెరట్లో తిరిగినా కిలోన్నర దాటడం గగనం. బ్రాయిలర్ కోడి ఆరు వారాలలో రెండు కిలోలు దాటుతుంది. మందు పెట్టకుండా ఇది ఎలా సాధ్యమని ఎవరికైనా అనుమానం రావడం సహజమే. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారు ఈ అనుమానాన్ని తీర్చే పని ఒకటి చేశారు. 1957 నాటి, 1978 నాటి మాంసపు కోళ్ళ వంశాలను వారు ఎంపిక చేసి మార్చకుండా యథాతథంగా కాపాడుతూ వచ్చారు. ఆ రెండు వంశాల పిల్లలను, 2005 నాటి వ్యాపార బ్రాయిలర్ పిల్లలను ఒకే తీరున, ఒకే మేతతో పెంచారు. 56వ రోజున తూస్తే 1957 వంశం కోడి 905 గ్రాములు, 1978 వంశం కోడి 1,808 గ్రాములు, 2005 నాటి కోడి 4,202 గ్రాములు ఉన్నాయి. 2014లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మేతలో తేడా లేదు, సూది ప్రసక్తి లేదు. తేడా అంతా పుట్టుకలోనే ఉంది. తరతరానికీ వేగంగా ఎదిగే పుంజును, పెట్టను ఏరి జతకట్టిస్తూ పోతే అరవై, డెబ్బై తరాలకు ఏమవుతుందో అదే అయింది. మన రైతు మంచి వెన్నును ఏరి విత్తనానికి దాచుకోవడం వంటిదే ఈ పని. లెక్కలు వేసి, పట్టుదలతో, పెద్దయెత్తున చేశారు, అంతే.

వంశానికి తోడు మేత. మొక్కజొన్న, సోయా చెక్క, ఖనిజాలు, విటమిన్లు, కావలసిన అమైనో ఆమ్లాలు కొలిచి కలిపిన దాణాలో మాంసకృత్తులు నూటికి 20 పాళ్ళకు పైగానే ఉంటాయి. పెరటికోడికి దొరికేది రాలిన గింజ, చెదపురుగు, ఇంటి ఎంగిలి. ఈ రెండింటి ఎదుగుదల ఒకేలా ఉండాలని ఆశించడం, బలవర్ధకమైన తిండి తిని పెరిగిన పిల్లను, గంజి తాగి పెరిగిన పిల్లను పక్కపక్కన నిలబెట్టి ఎత్తు కొలవడం వంటిది.

హార్మోను ఎందుకు వాడరు? వ్యాపారులు పుణ్యాత్ములు కావడం వల్ల కాదు, దానివల్ల లాభం లేకపోవడం వల్ల. పెరుగుదల హార్మోను ఒక మాంసకృత్తి. మేతలో కలిపితే కడుపులో జీర్ణమైపోతుంది. ఇన్సులిన్ మాత్రగా మింగితే పని చేయదని మధుమేహం ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు, ఇదీ అటువంటిదే. సూదిగా వేయాలంటే ఒక్కసారి వేస్తే చాలదు, పదే పదే వేయాలి. పదివేల కోళ్ళున్న షెడ్డులో ప్రతి కోడినీ రోజూ పట్టుకుని సూది వేసేవారు ఎవరు? ఆ కూలికి, ఆ మందుకు అయ్యే ఖర్చు కోడి ధరను మించిపోతుంది. ఇక ఆడ హార్మోను సంగతి చెప్పాలంటే, అది కోడిలో కొవ్వును పెంచుతుంది గాని కండను పెంచదు.

మరి ఫారంలో సూదులు చూశామంటారు కొందరు. చూసే ఉంటారు. అవి టీకాలు. పొదిగిన మొదటి రోజునే మారెక్ వ్యాధికి మెడ చర్మం కింద టీకా వేస్తారు. కొక్కెర తెగులుకు కంటిలోనో ముక్కులోనో చుక్కలు వేస్తారు, గంబోరో వ్యాధికి తాగే నీటిలో కలుపుతారు. మన పసిపిల్లలకు వేసినట్టే. ఒకరు షెడ్డు గుమ్మంలో నిలబడి సూది చూశారు, రెండవవారు దానికి హార్మోను అని పేరు పెట్టారు, మూడవవారు దాన్ని మీ ఫోనుకు పంపించారు.

అయితే ఈ భయం గాలిలో నుంచి ఊడిపడలేదని కూడా చెప్పాలి. అమెరికాలో 1940లలో డైఇథైల్ స్టిల్బెస్ట్రాల్ అనే కృత్రిమ ఆడ హార్మోను గుళికను కోడిపుంజు మెడ చర్మం కింద పెట్టేవారు. పుంజు మెత్తబడి, కొవ్వు పట్టి, మంచి ధర పలికేది. ఆ కోళ్ళ తలకాయలను మింక్ అనే బొచ్చు జంతువులకు మేతగా వేసిన పెంపకందారులకు తమ జంతువులు ఈనడం మానివేయడంతో అనుమానం వచ్చింది. 1959లో కోళ్ళలో దాని వాడకాన్ని ఆపించారు. అదే మందును గర్భస్రావం కాకుండా కాపాడుతుందన్న నమ్మకంతో గర్భిణులకు కూడా ఏళ్ళ తరబడి ఇచ్చారు. వారికి పుట్టిన ఆడపిల్లలలో కొందరికి యౌవనంలో యోని క్యాన్సర్ వస్తున్నదని 1971లో బోస్టన్ వైద్యులు గుర్తించారు. మా తరం వైద్యులకు ఇది పాఠ్యపుస్తకంలో చెరగని పుట. కనుక "హార్మోను తిండిలో కలిస్తే ప్రమాదం" అన్న మాట వట్టి మూఢనమ్మకం కాదు. ఆ ప్రమాదం నేటి బ్రాయిలర్ కోడిలో లేదన్నదే నా మాట.

కోడి శరీరంలో హార్మోన్లకు పని లేదని కాదు. గుడ్డు పెట్టే కోడిని హార్మోన్లే నడిపిస్తాయి, వాటిని ఎవరూ బయటినుంచి ఇవ్వనక్కరలేదు. వెలుతురు చాలు. పక్షి కంటితోనే కాక పుర్రె గుండా మెదడులోకి దిగే కాంతిని కూడా పసిగడుతుంది. పగలు పొడవైనకొద్దీ మెదడులోని హైపోథలామస్ పీయూష గ్రంథికి కబురు పంపుతుంది, పీయూష గ్రంథి అండాశయాన్ని మేల్కొల్పుతుంది. గుడ్ల ఫారంలో రాత్రి తొమ్మిది గంటలకు కూడా దీపాలు వెలుగుతూ ఉండడం మీరు రహదారి మీద వెళుతూ చూసి ఉంటారు. పగటి వెలుతురుతో కలిపి 16 గంటలు చేయడానికే ఆ దీపాలు. అక్కడ హార్మోను ఇస్తున్నది విద్యుద్దీపం.

గుడ్డు తయారు కావడానికి ఒక రోజు పైచిలుకు పడుతుంది. అందులో పెంకుకే సుమారు 20 గంటలు. ఒక్కొక్క పెంకుకు 2 గ్రాములకు పైగా కాల్షియం కావాలి. మేత నుంచి అంత ఒక్కసారిగా రాదు కాబట్టి, గుడ్లు పెట్టబోయే ముందే ఈస్ట్రోజెన్ ప్రభావంతో కోడి తన కాళ్ళ ఎముకల బోలులో సున్నపు నిల్వ ఒకటి ఏర్పాటు చేసుకుంటుంది. రాత్రివేళ ఆ నిల్వ నుంచి తీసి పెంకు కడుతుంది. మేతలో సున్నం తగ్గితే పెంకు పలచబడుతుంది, ఇంకా తగ్గితే కోడి తన ఎముకను తానే కరిగించుకుని, చివరకు నిలబడలేకపోతుంది. మన తీరపు ఊళ్ళలో ముసలమ్మలు గుల్లలు దంచి కోళ్ళకు చల్లడం చిన్నప్పుడు చూశాను. బిడ్డకు పాలిచ్చే తల్లి ఎముకల నుంచి కూడా కాల్షియం ఇలాగే తరలిపోతుంది. ఆమె చేత రాగి జావ, పాలు తాగించడానికి నేను కోడి కథనే చెప్పేవాణ్ణి. వైద్యశాస్త్రం చెబితే వినని అత్తగార్లు కోడి గురించి చెబితే వినేవారు.

పొదుగుకు వచ్చిన పెట్టను మీలో పల్లెలో పుట్టినవారు ఎరుగుదురు. పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి, ఇక గుడ్డు పెట్టడం మాని, ఈకలు నిక్కబొడుచుకుని గంపలో కూర్చుంటుంది. చేయి పెడితే పొడుస్తుంది, మేత కూడా సరిగా ముట్టదు. ఇది ప్రొలాక్టిన్ చేసే పని. పొట్ట కింద గుడ్లు తగులుతున్నకొద్దీ ఆ హార్మోను పెరుగుతుంది, అండాశయం నిద్రపోతుంది. స్త్రీలలో పాలు పడేలా చేసేది, పాలిచ్చే నెలలలో నెలసరిని వాయిదా వేసేది కూడా ప్రొలాక్టినే. పొదుగు మాన్పించడానికి పెట్టను నీళ్ళలో ముంచడం, గుడ్లు తీసివేయడం మన పెద్దలకు తెలిసిన ఉపాయాలు. హార్మోను పేరు వారికి తెలియదు గాని, దాన్ని దించే దారి తెలుసు. ఈ పొదుగు బుద్ధి వల్లనే నాటుపెట్ట ఏడాదికి 60, 70 గుడ్లకు మించి పెట్టదు. ఫారంలోని తెల్లకోడి ఆ బుద్ధిని వంశపారంపర్యంగా పోగొట్టుకుని 300 దాకా పెడుతుంది. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ అనే రకాలను తయారుచేసింది. మన్యం వైపు పెరళ్ళలో పెంచుకోదగినవి అవి. నా అభిప్రాయం అడిగితే, పిల్లలున్న ఇంటికి ఒక ఆవు కన్న నాలుగు గ్రామప్రియ పెట్టలే తొందరగా అక్కరకు వస్తాయి.

ఇక నిజంగా సూది వేసే చేప దగ్గరకు వద్దాం.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు — మన చెరువుల్లో పెరిగే ఈ మూడూ నదిలో పుట్టవలసిన చేపలు. ఆషాఢ శ్రావణాలలో వంశధారకో నాగావళికో కొత్తనీరు వచ్చినప్పుడు, ఎర్రటి వరదలో ఎదురెక్కి గుడ్లు పెట్టడం వాటి స్వభావం. చెరువులో అవి ఎదుగుతాయి, కడుపునిండా గుడ్లు కూడా పట్టుకుంటాయి, కాని విడవవు. వరద పారుదల లేదు, ఆ నీటి వాసన లేదు. మెదడు సెలవు ఇవ్వదు. అందువల్ల ఒకప్పుడు చేపపిల్లలను వరద రోజుల్లో నదులలో వలవేసి పట్టి, కుండలలో తరలించేవారు. అందులో మంచి జాతి పిల్ల ఏదో, పిల్లలను మింగే జాతి పిల్ల ఏదో తెలిసేది కాదు.

ఈ చిక్కు వీడింది మనకు ఎంతో దూరంలో కాదు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. ఆ ఒడిశాలోని అంగుల్‌లో 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు పెద్ద చేపల తలల నుంచి తీసిన పీయూష గ్రంథుల రసాన్ని చెరువులోని కార్పు జాతి చేపలకు సూదిగా వేసి గుడ్లు పెట్టించారు. అందుకే ఏటా జూలై 10ని జాతీయ చేపల రైతుల దినంగా జరుపుతారు. నేడు మన ఊరి చెరువులో వదిలే చేపపిల్ల ప్రభుత్వ విత్తన క్షేత్రంలో పుట్టినా, కైకలూరు వైపు నుంచి లారీలో వచ్చినా, దాని పుట్టుక ఆనాటి ప్రయోగం చలవే.

ఇప్పుడు గ్రంథుల రసం కోసం చేప తలలు కోయడం చాలావరకు తగ్గింది. బదులుగా వాడే మందులో రెండు పదార్థాలు ఉంటాయి. ఒకటి హైపోథలామస్ పంపే కబురుకు నకలు — జి.ఎన్.ఆర్.హెచ్. అనే హార్మోనుకు కృత్రిమ రూపం. రెండవది మీ ఇంట్లో కూడా ఉండవచ్చు: డోంపెరిడోన్. అవును, వాంతులు కట్టడానికి మేము వ్రాసే మాత్రలోని మందే. చేప మెదడులో డోపమిన్ అనే రసాయనం పీయూష గ్రంథికి కళ్ళెంలా పనిచేస్తూ గుడ్లు విడిచే హార్మోనును ఆపి ఉంచుతుంది. డోంపెరిడోన్ ఆ కళ్ళెం తీసివేస్తుంది, జి.ఎన్.ఆర్.హెచ్. అదిలిస్తుంది. రెండూ కలిస్తే వాన లేకపోయినా, వరద రాకపోయినా మెదడు సెలవు ఇచ్చేస్తుంది. సాయంత్రం సూది వేస్తే తెల్లవారే లోపల గుడ్లు. మనుషులలో డోపమిన్ కళ్ళెం వేసేది ప్రొలాక్టిన్‌కు. అందువల్లనే డోంపెరిడోన్ ఎక్కువ రోజులు వాడిన కొందరు స్త్రీలకు బిడ్డ లేకుండానే పాలు పడతాయి, నెలసరి తప్పుతుంది. ఇన్నాళ్ళకు అవసరం లేకపోయినా ఆ మాత్రను నెలల తరబడి కొనుక్కుని మింగుతున్నవారు మీలో ఉంటే, చేపకు వేసే సూది గురించి కాక ముందు దాని గురించి ఆలోచించండి. ఈ జంట మందు పద్ధతిని రూపొందించిన ఇద్దరిలో ఒకరైన రిచర్డ్ పీటర్ పనిచేసినది కూడా, కాకతాళీయంగా, పైన చెప్పిన ఆల్బర్టా విశ్వవిద్యాలయంలోనే.

మీరు తినే చేపకు ఈ సూది తగలదు. సూది పడేది తల్లిచేపకు, తండ్రిచేపకు, అదీ గుడ్లు పెట్టించే రోజున. కిలో బరువు తల్లిచేప రెండు లక్షలకు పైగా గుడ్లు పెడుతుంది. వాటిలో నుంచి బయటపడ్డ పిల్ల వెంట్రుకంత ఉంటుంది. అది చెరువులో ఏడాది పాటు తవుడు, చెక్క తిని కిలో అయిన తరువాత మీ ఇంటికి వస్తుంది. తల్లి కాన్పుకు నొప్పుల సూది వేస్తే ఆ మందు పదేళ్ళ తరువాత బిడ్డ ఒంట్లో ఉంటుందా?

ఒక్క మినహాయింపు ఉంది, దాచడం న్యాయం కాదు. తిలాపియా చేపలో మగది తొందరగా ఎదుగుతుంది, ఆడది అదేపనిగా పిల్లలు పెడుతూ చిన్నగా ఉండిపోతుంది. అందువల్ల పుట్టిన మొదటి మూడు, నాలుగు వారాలు పిల్లల మేతలో మిథైల్ టెస్టోస్టిరోన్ కలిపి అన్నిటినీ మగవిగా మార్చే పద్ధతి ప్రపంచమంతటా ఉంది. ఇక్కడ మేతలో హార్మోను కలవడం వాస్తవం. కాని ఆ వయసు పిల్ల బరువు గ్రాములో భాగం, అది అమ్మకానికి వచ్చేసరికి నెలలు గడుస్తాయి, ఆ లోపల మందు శరీరం నుంచి పోతుంది. నా ఆందోళన తినేవారి గురించి కాదు, ఆ మేతను చేతి తొడుగులు లేకుండా కలిపే కూలి స్త్రీల గురించి.

హార్మోను సంగతి ఇంతవరకు చెప్పాను, కాని తిండి సంగతి దానికంటె పెద్దది. చేపకు ఎంత మంచి సూది వేసినా, వేసవిలో సరిగా మేపని తల్లిచేప గుడ్లు విడవదు. విడిచినా పిల్లలు నిలవవు. విత్తన క్షేత్రంవారు ముందు నెలల నుంచే తల్లిచేపలకు మాంసకృత్తులు, నూనెలు, విటమిన్ ఇ ఉన్న మేత పెట్టేది ఇందుకే. 1922లో విటమిన్ ఇ కనుగొన్నది కూడా, అది లేని మేత తిన్న ఎలుకలకు కడుపు నిలవకపోవడం చూసే. గ్రీకు భాషలో దాని పేరుకు ప్రసవాన్ని మోసేది అని అర్థం. తవుడులోని నూనెతో పాటు ఈ విటమిన్ ఉంటుంది, నూనె తీసిన తవుడులో తగ్గిపోతుంది.

టెక్కలి దగ్గరి తేలినీలాపురం వెళ్ళినవారు అక్కడి చింతచెట్ల మీద గూడబాతులను, రంగుల రెక్కల పెయింటెడ్ స్టార్క్ కొంగలను చూసే ఉంటారు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులను చూసినట్టే ఊరివారు వాటిని చూసుకుంటారు. అవి సైబీరియా నుంచి వస్తాయని పత్రికలు వ్రాస్తూ ఉంటాయి. నిజానికి ఆ రెండు జాతులూ మన ఉపఖండానివే, నీరు, చేప ఎక్కడ ఉంటే అక్కడికి తిరిగేవే. సెప్టెంబరు, అక్టోబరులలో రావడంలో ఉన్న లెక్క మేత లెక్క. వానాకాలం చివర చెరువులు, తంపరలు నిండి చిన్న చేప సమృద్ధిగా ఉన్నప్పుడే వాటి పిల్లలకు నోరు తెరిచినప్పుడల్లా తిండి అందుతుంది. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి వచ్చే ముక్కు మధ్య సందున్న కొంగలు నత్తలు తినేవి కనుక వానలు పడగానే, జూన్, జూలైలలోనే దిగుతాయి. కాలం కాని కాలంలో పక్షుల అండాశయాలు, వృషణాలు కుంచించుకుపోయి ఉంటాయి. పగటి పొడవు, వాన, దొరికే తిండి అన్నీ చూసుకుని మెదడు అనుమతి ఇస్తేనే అవి తిరిగి పెరుగుతాయి. పిల్లలను కనే పని శరీరానికి చాలా ఖర్చుతో కూడినది. అందుకే కొట్లో ధాన్యం చూడకుండా ఏ ప్రాణీ దానికి పూనుకోదు.

ఆడపిల్ల శరీరం కూడా ఆ కొట్టును చూసే ఈడును నిర్ణయిస్తుంది. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనును విడుదల చేస్తాయి, 1994లో దాన్ని కనుగొన్నారు. ఒంట్లో నిల్వ చాలినంత ఉన్నదని మెదడుకు తెలిపేది అదే. ఉత్తర ఐరోపాలో 19వ శతాబ్ది మధ్యలో ఆడపిల్లలు 16, 17 ఏళ్ళకు పెద్దమనుషులయ్యేవారు. తిండి మెరుగుపడి, అంటురోగాలు తగ్గినకొద్దీ 20వ శతాబ్ది మధ్యకు అది 13 ఏళ్ళకు దిగింది. ఆ మార్పు జరిగిన కాలంలో నేటి బ్రాయిలర్ కోడి ఇంకా పుట్టనేలేదు. మన ఊళ్ళలో కూడా అమ్మమ్మ కంటె అమ్మ, అమ్మ కంటె కూతురు ముందుగా ఈడేరడానికి ప్రధాన కారణం అదే. అవసరానికి మించి బరువు పెరిగిన పిల్లలలో అది మరింత ముందుకు జరుగుతుంది. కనుక మాన్పించదలచుకుంటే కూల్‌డ్రింకు సీసాను, చిప్స్ పొట్లాన్ని, సాయంత్రం ఆట లేకుండా ఫోను ముందు కూర్చోవడాన్ని మాన్పించండి. గుడ్డు, చేప బలం ఇచ్చేవి, వట్టి కొవ్వు పెంచేవి కావు. ఈడేరిన పిల్లకు అవి తగ్గించడం కాదు, పెంచాలి.

కోళ్ళ ఫారం మీద నాకు ఫిర్యాదు లేదని అనుకోవద్దు. ఉంది, అది హార్మోను గురించి కాదు, యాంటీబయాటిక్ గురించి. రోగం లేకపోయినా మేతలో యాంటీబయాటిక్ కలిపితే కోడి కాస్త తొందరగా ఎదుగుతుంది. ఆ అలవాటు వల్ల మందుకు లొంగని సూక్ష్మజీవులు తయారై మన దాకా వస్తాయి. ఇక ఏ మందూ పనిచేయనప్పుడు ఐ.సి.యు.లో మేము చివరి ఆయుధంగా వాడే కొలిస్టిన్‌ను కోళ్ళ మేతలో వాడుతూ వచ్చారంటే ఏమనాలి! 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వం దాన్ని ఆహార జంతువులలో నిషేధించింది. తీరం వెంబడి రొయ్యల చెరువులలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులు కూడా నిషిద్ధమే. మాంసం బాగా ఉడికించడం, పచ్చిమాంసం కోసిన కత్తిని, పలకను కడగకుండా కూరగాయలకు వాడకపోవడం మీ చేతిలో ఉన్న పనులు. సూది కోడి అని భయపడేవారిలో ఎంతమంది ఈ ప్రశ్న అడిగారా అని తలచుకుంటే, నాకు గుర్తున్నంతలో ఒక్కరు కూడా లేరు.

ఎనిమిదేళ్ళు నిండకముందే ఆడపిల్లలో రొమ్ములు ఎదగడం మొదలైనా, తొమ్మిదేళ్ళు నిండకముందే మగపిల్లవాడిలో యౌవన లక్షణాలు కనిపించినా, పదేళ్ళకు ముందే నెలసరి వచ్చినా, తిండిని నిందిస్తూ కూర్చోకుండా పిల్లల వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. ఎడమ చేతి ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు, రక్తంలో హార్మోన్లు చూస్తారు, అవసరమైతే మెదడుకు స్కాన్ చేయిస్తారు. ఆలస్యం చేస్తే జరిగే నష్టం ఎత్తులో కనబడుతుంది. ఈస్ట్రోజెన్ మొదట ఎముకను పరుగెత్తించి, తరువాత దాని చివరలను మూసివేస్తుంది. తరగతిలో అందరికంటె పొడుగ్గా కనిపించిన పిల్ల అయిదారేళ్ళకు అందరికంటె పొట్టిగా మిగిలిపోతుంది.

ఈడు తొందరను నిజంగా ఆపవలసిన పిల్లలకు నెలకో మూడు నెలలకో ఒకసారి వేసే మందు జి.ఎన్.ఆర్.హెచ్. వర్గానికి చెందినదే, చేపకు వేసే సూదిలో ఉన్న కుటుంబమే. చేపలో గుడ్లను విడిపించే మందు పిల్లలో ఈడును ఎలా ఆపుతుందని మీరు అడగవచ్చు. మెదడు ఈ హార్మోనును ధారగా కాక, గంటకో గంటన్నరకో ఒకసారి తలుపు తట్టినట్టు విడుదల చేస్తుంది. పీయూష గ్రంథి ఆ తట్టుడుకే పలుకుతుంది. చేపకు వేసే సూది ఒక్కసారి గట్టిగా తడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. పిల్లకు వేసే సూది మందు ఒంట్లో వారాల తరబడి విడవకుండా తడుతూనే ఉంటుంది. మొదటి కొద్ది రోజులు గ్రంథి పలికి, ఆ తరువాత పలకడం మానివేస్తుంది. తగిన వయసు వచ్చాక సూది ఆపితే, కొన్ని నెలలలో ఈడు తన దారిన తాను మళ్ళీ మొదలవుతుంది.